నాలుగు మూలలా పసుపు

"అమ్మా, అప్పుడు నువ్వు గుండె రాయి చేసుకుంటివే, ఎట్ల చేసుకుంటివి? నాకూ ఆ రాయి కావల్ల," అంటూ వచ్చింది మా స్మిత, బెంగుళూరు నుంచి పొద్దున రైలుకి.

నాకు నవ్వొచ్చింది. బల్లి పడితే పంచాంగం, తుమ్ము వస్తే డాక్టరు. అలాంటి నా గుండె రాయట!

సంగతేమిటంటే, దాని కూతురు శ్రీరక్షను జూన్‌లో మైసూరు బోర్డింగు స్కూల్లో వేశారు. పదకొండేళ్ల పిల్ల. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే పాట: "తీసుకుపో మమ్మీ." ఈ రోజు స్మిత దానికి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. అల్లుడు నీ ఇష్టం అని తప్పుకున్నాడు.

"మెత్తగా ఒక్క మాటన్నా దాని చదువు పాయె. గట్టిగా అనేదానికి నాకు నోరు రాదు. నన్ను కూడా అదే స్కూల్లో వేస్తివి కదా, ఎట్ల తట్టుకుంటివి?"

ఎట్లా తట్టుకున్నానో కేజీఎఫ్‌లో మా వీధి వీధంతా చూసింది.

అసలు స్మితను పంపిందే భయంతో. ముప్ఫై అయిదేళ్ల కిందటి మాట. మా ఆయన బంగారు గని ఆఫీసులో గుమాస్తా. కింద గనిలో రాయి పగిలితే పైన మా క్వార్టర్సు ఊగేది, గిన్నెలు గలగలమనేవి. గాలి వీస్తే, బంగారం తీసేసి పోసిన సైనైడ్ మట్టి దిబ్బల దుమ్ము ఇంట్లోకి. ఇల్లు కూలుతుందని, దుమ్ముకు బిడ్డ ఊపిరి ఆగుతుందని గోల పెట్టి మరీ మైసూరు పంపించాను. బస్సు కదిలాక, అది బోల్తా పడుతుందని ఇంకో గోల.

ఉత్తరం అంటే నాకు చావుకబురే. మా అన్న పోయిన సంగతి ఉత్తరంలోనే తెలిసింది. చదివిన చోటే పడిపోయాను. అందుకే స్మిత ట్రంకులో పసుపు పొట్లం ఒకటి పెట్టి చెప్పాను. "అంతా బాగుంటే ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు పెట్టు. పసుపు లేకుంటే నా గుండె ఆగిపోతాది."

శుభలేఖకి పసుపు అందరూ పెడతారు. వారం వారం పెట్టించుకున్నది నేనొక్కదాన్నే.

ప్రతి గురువారం ఇన్లాండు లెటరు వచ్చేది. పోస్టుమాన్ బచ్చప్ప వీధి మలుపులోనే సైకిలు మీద నుంచి అరిచేవాడు. "అమ్మా, పసుపుండాది! భయపడకుండా రా!"

ఒక్కరోజు ఆలస్యమైతే కురుడుమలె వినాయకుడికి నూటొక్క టెంకాయలు మొక్కేదాన్ని. మర్నాడు అందగానే పదకొండుకు దిగేదాన్ని.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, "ఏం రాసింది?" అనేవాడు.

"బాగుందంట," అనేదాన్ని.

నాకొచ్చిన ఏడో తరగతి చదువుతో వెంటనే జవాబు రాసేదాన్ని. "నీ ఉత్తరం అందింది. క్షేమం తెలిసింది. బావి దగ్గరికి పోవద్దు. తడి తలతో పడుకోవద్దు. కుక్కను చూసి పరుగెత్తవద్దు." అది అక్కడున్న మూడేళ్లూ ఇవే ముక్కలు. కుక్క మాత్రం ఒకసారి కోతి అయింది.

"నేనేం రాస్తి, నువ్వేం జవాబిస్తివి!" అంది స్మిత. "వార్డెనమ్మ జడ పట్టి లాగిందని రాస్తి. ఆకలైతాదని రాస్తి. తీసుకుపో, తీసుకుపో అని ఎన్నిసార్లు రాసినానో. లోపల ఏడుపు రాసి, పైన పసుపు పూస్తి, నీ గుండె యాడ ఆగిపోతాదో అని. నువ్వు చూస్తే కుక్కను చూసి పరిగెత్తద్దంటివి!"

నేను కొంగు వేలికి చుట్టుకున్నాను. "సెలవులకు వస్తివే, అప్పుడన్నా నోటితో అడగలేదే?"

"ఇంగేం అడిగేది? అన్ని ఉత్తరాలకు కరగనామె నోటిమాటకు కరుగుతాదా? మొదట్లో కోపమొచ్చె. తర్వాత అనుకుంటి, మా అమ్మ ఉక్కు మనిషి, ఏడ్చి లాభం లేదు అని. అప్పుడు పట్టినా పుస్తకం. ఈ రోజు ఇంజనీరైనానంటే అంతా నీ గట్టితనమే."

ఉక్కు మనిషి! పక్కింటి నాగరత్న విని ఉంటే నవ్వలేక చచ్చేది.

"ఆ ఉత్తరాలు ఇయ్యమ్మా. ఫోటో తీసి పాపకు పంపిస్తా. మీ అవ్వ కదల్లేదు, నేనూ కదిలేది లేదు అని చెప్పేస్తా."

"వాటికి చెదలు పట్టె."

"పోయిన ఏడాది దేవుడి గూట్లో చూస్తినే, ఎర్రగుడ్డ మూట?"

"దాన్ని ఎలకలు కొరికె."

"చెదలా, ఎలకలా? ఒకటి చెప్పు!"

ఇంతలో ఫోన్ మోగింది. స్మిత స్పీకరు పెట్టింది. ఈసారి శ్రీరక్ష ఏడవడం లేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

"అవ్వా, నువ్వుండావా? మమ్మీ కూడా తీసుకుపో అని రాసిందంట కదా. అప్పుడు నువ్వేం చేసినావు?"

స్మిత చెప్పమన్నట్టు నా వైపు తల ఊపింది. ఉక్కు మనిషి మాట ఒక్కటి పడితే చాలు. ఆ పిల్ల ఇంకెప్పుడూ అడగదు, వాళ్లమ్మ నన్ను అడగనట్టే.

"ఫోన్ పెట్టద్దు బంగారూ, ఉండు," అన్నాను.

దేవుడి గూట్లోంచి ఎర్రగుడ్డ మూట దించి స్మిత ఒళ్లో పెట్టాను. మూలల్లో పసుపు ఇంకా పోలేదు. కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర కూడా తెచ్చి దాని చేతికిచ్చాను.

పసుపు చూసుకుని దాచుకోవడమే తప్ప, ఆ ఉత్తరాల్లో ఒక్కదాన్ని కూడా నేను ఇప్పటివరకూ విప్పలేదు.