కొత్త పలుపు

పొలిమేర గట్టు మీద తాటాకు పాక వేసుకుని ఊరివాళ్లు వంతులవారీగా కాపలా కాస్తున్నారు. నిత్యానందానికి మాత్రం వంతు లేదు. ఆయన ఎప్పుడూ అక్కడే.

1934 జ్యేష్ఠం. కొల్లేటికి దగ్గర్లో, మురుగుకాలవకి అవతలున్న ఊళ్లో గొడ్లకి జాడ్యం తగిలింది. నోటివెంట చొంగ కారుతుంది. మేత ముట్టవు. నాలుగు రోజుల్లో పడిపోతాయి. ఇవతలి ఊళ్లో ఎవరి దొడ్లోనూ ఆ మాట వినపడలేదు. ఏలూరు నుంచి పశువుల డాక్టరు గురువారం సూదిమందు తెస్తానన్నాడు. అందాకా మనుషులు కాలవలో మునిగి రావాలి, గొడ్లు అసలు రాకూడదు అని చెప్పి వెళ్లాడు.

ఊరి భయం ఇంకొకటి ఉంది. జాడ్యంతో చచ్చిన గొడ్డు పలుపు విప్పి పక్క ఊరి పొలిమేరలో పడేస్తే, రోగం ఆ తాడు వెంటే పోతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. అవతలివాళ్లు ఆ పని చెయ్యకుండా ఉంటారా? ఏరువాక ముందు ఎద్దులు పోతే దుక్కి లేదు. దుక్కి లేకపోతే గింజ లేదు.

"కాపాడుకోడానికి మీకు ఒక్క గొడ్డయినా లేదు కదండీ బాబాయ్‌గారూ," అన్నాడు ఆ పూట వంతుకొచ్చిన పొరుగింటి రైతు చిట్టిబాబు. "ఉన్న ఒక్క ఎద్దునీ గూడెం సంతలో అమ్మేశారు. మూడు జతలున్న నేనే కునుకు తీస్తుంటే, మీరు రెప్ప వెయ్యరేంటి?"

"నిద్ర రావట్లేదురా."

"పిన్నిగారు పోయిన కాణ్ణుంచీ మీకు తిండీ లేదు, నిద్రా లేదు. ఇదిగో, మా ఆవిడ చద్దన్నం పంపింది. ఆవకాయలో ముక్కలు మీకంట, టెంకలు నాకంట."

నిత్యానందం చిన్నగా నవ్వి ముద్ద కలిపాడు. నోటిదాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది.

అవతలి గట్టు మీద శేషారత్నం నిలబడి ఉంది. ఆయనకి ఒక్కతే కూతురు. ఆ ఊరికే ఇచ్చాడు. చంకలో ఏడాది పిల్ల, చేతిలో గేదె పలుపు.

"అక్కడే ఆగమ్మా."

"నేను నాన్నా."

"చూశాను. ఆగు."

"ఎద్దులు రెండూ పోయాయి నాన్నా. వాటిని పాతిపెట్టొచ్చిన కాణ్ణుంచీ మీ అల్లుడు మంచం దిగట్లేదు. మిగిలింది ఇదొక్కటే. బాగానే మేస్తోంది. మన దొడ్లో కట్టుకోనీ. దీని పాలు లేకపోతే పిల్ల నాకు దక్కదు."

చిట్టిబాబు గొంతు తగ్గించాడు. "పోనీండి బాబాయ్‌గారూ. నేను అటు తిరిగి నించుంటాను. మీ దొడ్డి ఎలాగూ ఖాళీయే."

"ఆ దొడ్లోకి అసలే వద్దు."

శేషారత్నం పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "అమ్మ ఉంటే రమ్మనేది," అంది.

ఆయన తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తినప్పుడు కూతురి మొహం చూడలేక గేదె వైపు చూశాడు. దాని మెడ దగ్గర చూపు నిలిచిపోయింది.

"ఆ పలుపు ఎక్కడిది?"

"ఇదా? ఈ గట్టు మీదే దొరికింది. అప్పటికి ఎక్కడా జాడ్యం మాటే లేదు. కొత్త తాడు, ఎవరో జారవిడుచుకున్నారని మీ అల్లుడు తెచ్చి పెద్దెద్దుకి కట్టారు. అది పోయాక దీనికి..."

ఆమె చేతిలోంచి తాడు జారింది.

"అయితే మీకూ ఎవడో పెట్టాడన్నమాట చెల్లెమ్మా," అన్నాడు చిట్టిబాబు నెమ్మదిగా. "మేము మీ ఊరిని తిట్టుకుంటున్నాం."

నిత్యానందం చెయ్యి కడుక్కుని లేచాడు.

"రత్నం, నువ్వూ పిల్లా కాలవలో మునిగి రండి. చిట్టిబాబు ఇంట్లో ఉందురుగాని. పిల్లకి అక్కడ పాలు దొరుకుతాయి. మనింటికి మాత్రం వెళ్లకు."

"మరి గేదె?"

"దాని దగ్గర నేనుంటాను."

"గేదె పక్కన పడుకుంటే మీరూ గేదె కిందే లెక్కండీ," అన్నాడు చిట్టిబాబు. "డాక్టరు వచ్చేదాకా ఊళ్లోకి రానివ్వం."

"రానివ్వకు. నేనడిగినా సరే."

ఆయన మోకాలి లోతు నీళ్లలో కాలవ దాటాడు. మనవరాలు చేతులు చాపింది. ఎత్తుకోలేదు. కూతురు మునిగి ఊరివైపు గట్టు ఎక్కేదాకా చూసి, పలుపు విప్పి, తన కండువా గేదె మెడకి కట్టాడు. గేదె ఆయన చెయ్యి నాకింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

గట్టు వెంట ఎండిన కిక్కిస గడ్డి పోగేసి, పలుపు దాని మీద పడేసి నిప్పంటించాడు.

"ఆ పాపిష్టివాడెవడో నాకు దొరకాలి బాబాయ్‌గారూ," ఇవతలి గట్టు మీంచి చిట్టిబాబు కేకేశాడు. "కొల్లేట్లో ముంచేస్తాను."

"ముంచుదువుగాని," అన్నాడు నిత్యానందం. "ముందు పిల్లకి పాలు పట్టించు."

కిక్కిస మంటలో కాలుతున్న ఆ పలుపు, సంతలో అమ్మేశానని ఊరందరికీ చెప్పి, దొడ్డి వెనక గుట్టుగా పాతేసిన తన ఎద్దు మెడ నుంచి విప్పి, ఆయన తన చేతులతో తెచ్చి ఈ గట్టు మీద పడేసిందే.