రెండో స్ప్రింగు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే: నాన్న, బాబాయి, అమ్మాయి. రాత్రి భోజనాలయ్యాక షెడ్డులో పాత కారు డిక్కీ మూతకు స్ప్రింగులు తిరిగి బిగించడానికి కూర్చున్నారు. చేతులు సన్నగా ఉంటాయని అమ్మాయిని డిక్కీలో పడుకోబెట్టారు. మగవాళ్లిద్దరూ బయటినుంచి తాడేసి స్ప్రింగును సాగదీస్తే, ఆమె దాని కొసను కొక్కేనికి తగిలించాలి.

మొదటిది పడింది. రెండోది మొండికేసింది.

"దీనికి అచ్చం మీ నాన్న పోలికేనే," అన్నాడు బాబాయి రొప్పుతూ.

"నోరు కాదురా, చెయ్యి ఆడించు," అన్నాడు నాన్న.

అంతలో తాడు తెగింది. ఇంకోటి తేవడానికి ఇద్దరూ ఇంట్లోకి వెళ్లారు.

"నువ్వక్కడే ఉండు తల్లీ. మళ్లీ దూరడం కష్టం," అన్నాడు నాన్న వెళ్తూ.

కాసేపటికి స్ప్రింగు సాగింది. చెప్పుల చప్పుడు లేదు, రొప్పు లేదు. అమ్మాయి కొసను కొక్కేనికి తగిలించింది.

"అయిపోయింది నాన్నా!"

"ఏంటే అయిపోయింది? ఇంకా తాడే దొరకలేదు!" ఇంట్లోంచి నాన్న కేకేశాడు. ఆయన పక్కనే బాబాయి నవ్వాడు.

రెండు స్ప్రింగులూ పడ్డాక మూత దానంతటది దిగదు. ఇద్దరు మనుషులు బరువంతా వేసి నొక్కాలి. అమ్మాయి బయటపడదామని కాళ్లు ముడుచుకుంది.

ఎవరో మూతను నెమ్మదిగా దించి, ఆమె మీద మూసేశారు.