అన్నిటికంటే చవక

పెద్దాయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఇది అబద్ధం చెబుతోందమ్మా" అన్నాడు.

డిజైనర్‌కి ఒళ్లు మండింది.

మూడు నెలలుగా ఆమె తలమునకలై చేసిన పని అది. రైలు, బస్సు టికెట్లు అమ్మే సైట్‌కి కొత్త ఫిల్టర్లు. ఛార్జీ ఎంతలోపు ఉండాలి, ఎన్నింటికి చేరాలి, ఎన్నిచోట్ల మారాలి అని పక్కన వరసగా గడులుంటాయి. టిక్కు పెడితే చాలు, అక్కర్లేని టికెట్లన్నీ తప్పుకుంటాయి.

అన్నిటికీ పైన ఒక ఎర్ర గడి, 'అన్నిటికంటే చవక' అని. అది మేనేజర్ ముచ్చటపడి పెట్టించుకున్నది.

ఆ మేనేజర్ ఇప్పుడు గది అద్దాల గోడ అవతల కూర్చుని చూస్తున్నాడు.

కంప్యూటర్ అంతగా అలవాటు లేనివాళ్లు వీటినెలా వాడతారో చూద్దామని, ఏజెన్సీ ద్వారా ఎనిమిది మందిని పిలిపించారు. ఏడుగురు రెండేసి నిమిషాల్లో టికెట్ ఎంచుకుని, బాగుందని చెప్పి వెళ్లిపోయారు. ఎనిమిదో మనిషి ఈయన. పావుగంటగా ఒకే టికెట్‌ని పట్టుకుని వేలాడుతున్నాడు.

ఇచ్చిన పని చిన్నదే. వేరే ఊళ్లో చెల్లెలు ఆస్పత్రిలో ఉందనుకోవాలి. రేపు పొద్దున పదింటికల్లా చేరాలి. ఖర్చు తక్కువ కావాలి. ఆయన ఎర్ర గడిలో టిక్కు పెట్టగానే ఒక టికెట్ పైకి వచ్చింది.

అబద్ధం ఎక్కడుందో చూపించమని ఆమె అడిగింది.

"మధ్యలో రైలు దిగి బస్సెక్కాలంట. రెంటికీ మధ్య ఇరవై నిమిషాలు. స్టేషన్ ఊరికి ఈ చివర, బస్టాండు ఆ చివర. రెక్కలు కట్టుకుని ఎగరాలా? బస్సు తప్పిపోతుంది, ఇంకో టికెట్ కొనాలి. ఇది చవక టికెట్ కాదమ్మా, రెండుసార్లు కొనాల్సిన టికెట్."

మారడానికి ఎంత సమయం కావాలో చెప్పే గడి కింద వేరే ఉందని, అందులో కూడా టిక్కు పెట్టుకోవచ్చని ఆమె పళ్లు బిగించి చెప్పింది.

"చెల్లెలు చావుబతుకుల్లో ఉంటే కిందదాకా వెతుక్కుంటూ కూర్చుంటారా? అసలు చవకది కావాలని ఎవరూ అడగరు. నా దగ్గర ఇంతే ఉంది, ఆ టైముకి చేరతానా అని అడుగుతారు. ఆ రెండూ కలిపి ఒకే గడి పెట్టండి. చేర్చలేని టికెట్ అసలు చూపించకండి."

అద్దం మీద మేనేజర్ వేలితో కొట్టాడు. ముగించమని.

"తెలియని పనిలో వేలు పెట్టకండి తాతగారూ. ఎలా వాడతారో చూద్దామని పిలిచాం, పాఠాలు చెప్పించుకుందామని కాదు" అంది ఆమె.

ఆయన లేచాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తెలియకపోతే తెలియదని చెప్పాలి. తప్పు చెప్పి జనాన్ని బండెక్కించకూడదు" అని, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆమె రిపోర్టులో రాసింది: ఎనిమిదో వ్యక్తి కోపిష్టి, వయసు మీదపడినవాడు, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

కొత్త ఫిల్టర్లు సైట్‌లోకి వచ్చాయి. అమ్మకాలు పెరిగాయి.

ఐదో వారంలో ఒక ఫిర్యాదు వచ్చింది. రాసినామె ఎర్ర గడిని నమ్మి టికెట్ కొంది. రైలు దిగి పరిగెత్తినా బస్సు అందలేదు. ఇంకో టికెట్‌కి చేతిలో డబ్బు చాలక, ఎవరో ఇచ్చేదాకా బస్టాండులోనే కూర్చుంది. ఇల్లు చేరేసరికి తల్లిని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. టికెట్ డబ్బు నాకు వాపసు అక్కర్లేదని చివర రాసింది.

డిజైనర్ ఆ ఉత్తరం పట్టుకెళ్లి మేనేజర్ ముందు పెట్టింది. టికెట్ కింద చిన్న అక్షరాల్లో అంతా రాసే ఉందని, చదవకపోవడం ఆమె తప్పని అతను తేల్చేశాడు.

"చిన్న అక్షరాల్లో పెట్టమన్నది మీరే" అంది. ఆఫీసంతా తలెత్తి చూసింది. "ఆ పెద్దాయన మొత్తుకున్నాడు. మీరు అద్దం కొట్టారు, నేను నోరు మూయించాను. మనిద్దరికీ సిగ్గు లేదు."

ఎవరినీ అడక్కుండా ఆ మధ్యాహ్నమే ఎర్ర గడి పీకేసింది.

దాని స్థానంలో ఏం పెట్టాలో మాత్రం ఆమెకు తోచలేదు. దారిలో ఉన్న మనిషి ఏమేం అడుగుతాడో ఆమెకు తెలియదు. ఏజెన్సీ నుంచి పెద్దాయన నంబర్ తీసుకుని ఫోన్ చేసింది.

కోడలు ఎత్తింది. ఆయన్ని మళ్లీ పిలవాలనుకుంటున్నానని, ఈసారి ఆయన చెప్పేదంతా రాసుకుంటానని డిజైనర్ చెప్పుకుంది.

"ఇప్పుడేం చెప్తారండీ మామయ్యగారు? పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, ఇరవై రోజులైంది." ఆవిడ గొంతులో కోపం దాగలేదు. "ఆ రోజు మీ దగ్గర్నుంచి వచ్చి భోజనం కూడా ముట్టలేదు. నాకు తెలియని పనంట, నాకు తెలియని పనంట అని ఒకటే గొణుగుడు."

ఆయన ఏం పని చేసేవారని డిజైనర్ మెల్లగా అడిగింది.

"స్టేషన్‌లో ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చునేవారు. ఏ బండెక్కాలో, ఎంతవుతుందో, ఎన్నింటికి చేరతారో ముప్పై ఒక్క ఏళ్లు జనానికి ఆయనే చెప్పారు, మీ సైట్ వచ్చాక ఇంక అడిగేవాళ్లు లేరని ఆ కౌంటర్ మూసేసేదాకా."