పసుపు కన్ను

"కన్ను తప్పండి బాబూ."

వెనక నుంచి మాట వినపడేసరికి చిత్రకారుడి కుంచె ఆగిపోయింది.

తిరిగి చూస్తే ఒక ముసలాయన. మాసిన చొక్కా, చంకలో గొడుగు. మ్యూజియంలో ఈ పక్షుల గదికి రోజూ వచ్చి పోయే మనిషే.

"తప్పేముంది పెద్దాయనా? పెట్టెలో పిట్ట కన్ను పసుపు. నేను వేసిందీ పసుపే."

"బతికున్నప్పుడు ఎరుపండి. పండు మిరపకాయ ఎరుపు."

చిత్రకారుడు నవ్వి మళ్లీ కుంచె రంగులో ముంచాడు.

గాజు పెట్టెలో ఉన్నది చెరువుల దగ్గర తిరిగే చిన్న బూడిదరంగు పిట్ట. ఆ జాతి కనుమరుగై నలభై ఏళ్లయింది. మిగిలింది దూది కూరి నిలబెట్టిన ఈ ఒక్క పిట్టే. లోకంలో ఇక లేని పక్షుల మీద ఒక పుస్తకం వేస్తున్నారు. అట్ట బొమ్మ ఇతనిది. ఇకమీదట ఆ పిట్ట ఎలా ఉండేదని ఎవరడిగినా ఆ బొమ్మే చూపిస్తారు. శుక్రవారానికల్లా ప్రెస్సుకి ఇవ్వాలి.

బడి కిటికీలోంచి పిచ్చుకల్ని చూస్తూ కూర్చుని పంతులు చేత తన్నులు తిన్నవాడు మనవాడు. ఎగిరే పిట్టలే అతనికి చెయ్యి తిప్పడం నేర్పాయి. ఎప్పుడో చచ్చిన ఈ పిట్టకి మాత్రం వారం రోజులుగా ప్రాణం పోయలేకపోతున్నాడు.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు.

"మెడ అంత నిటారుగా వద్దండి. పెట్టె ఇరుకని అలా నిలబెట్టారు గానీ, ఎవరో పిలిచినట్టు కాస్త పక్కకి వంచి చూసేదది."

చిత్రకారుడు విననట్టే కుంచె కడుక్కున్నాడు. మెడ మాత్రం వంచి గీశాడు. బొమ్మలో పిట్ట ఒక్కసారిగా బతికి కూర్చుంది. ఆ సంగతి పైకి ఒప్పుకోవడానికి నోరు రాలేదు. కళాకారులకి ఇదొక పాత జబ్బు.

"కన్ను కూడా మార్చేయండి బాబూ."

"దాన్ని మీరు చూశారా?"

"చూశానండి. ప్రాణం పోయాక గంటలో కన్ను రంగు మారిపోతుంది. ఆలోపే చూడాలి."

"ఎప్పుడో చూసింది మీకు గుర్తుంది, కళ్లెదుట ఉన్నది నాకు కనపడటం లేదు. అంతేనా?"

"అది కాదు బాబూ. ఆ పసుపు కన్ను..." ముసలాయన తల దించుకున్నాడు.

"చూడండి, నాకు టైము లేదు. దయచేసి నా బుర్ర తినకండి."

కాపలావాడు వచ్చి ముసలాయన్ని మెల్లగా బయటికి నడిపించాడు.

పుస్తకం వచ్చింది. చూసినవాళ్లందరూ అట్ట గురించే మాట్లాడారు. "ఆ మెడ వంపు మీకెలా తట్టిందండీ?" అని ఎవరైనా అడిగినప్పుడల్లా చిత్రకారుడికి సిగ్గేసేది. ఉండబట్టలేక ఒక కాపీ మీద 'ఈ మెడ వంచింది మీరే' అని రాసి, ముసలాయన చేతికే ఇద్దామని మ్యూజియానికి వెళ్లాడు.

గాజు పెట్టె తెరిచి ఉంది. మ్యూజియం అధికారిణి సన్నటి పట్టకారుతో పిట్ట కన్ను ఊడదీస్తోంది. బల్ల మీద రెండు ఎర్రటి గాజు కళ్లు.

అప్పటికే పదివేల అట్టల మీద ఆ పిట్టకి పసుపు కన్ను.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"కళ్లు మారుస్తున్నామండి. పాత రిజిస్టరు తిరగేస్తే ఇప్పుడు బయటపడింది. మీరే చూడండి."

పొందికైన చేతిరాత. 'కళ్లు ఎరుపు. ఎర్రవి స్టాకులో లేవు. ప్రస్తుతానికి పసుపువి పెట్టడమైనది. రాగానే మార్చాలి.'

"మరి ఈ ఎర్రవి?"

"మీరు బొమ్మ వేస్తుంటే వచ్చేవారే, ఆ పెద్దాయన చేయించి దాచుకున్నారట. పెట్టె ఒక్కసారి తెరవమని ఏళ్ల తరబడి అడిగారు, మావాళ్లెవరూ చెవిన పెట్టలేదు. పోయిన నెల ఆయన పోయారు. కోడలు తెచ్చి ఇచ్చింది."

చిత్రకారుడు పుస్తకాన్ని అట్ట కనపడకుండా తిప్పి పట్టుకున్నాడు.

"అసలు కన్ను ఎరుపని ఆయనకెలా తెలుసు?"

ఆమె రిజిస్టరులో సంతకం దగ్గర వేలు పెట్టింది.

"ఈ పిట్టలో దూది కూరి, పసుపు కళ్లు పెట్టింది ఆయనేనండి."