మొదటి భాగంలో లేని మాట

"ఇప్పుడు చూడండి, ఇప్పుడే అంటాడు!" అంటూ నర్సమ్మ సోఫా అంచుకు జరిగింది.

తెర మీద జోరువాన. గుహలో ఓ పదేళ్ళ పిల్ల తడిసి ముద్దయి వణుకుతోంది. ఎదురుగా వీపంతా నాచు పట్టిన వంకర కొమ్ముల మృగం. ఆ కార్టూన్ లోకంలో పదేళ్ళు నిండిన ప్రతి పిల్లకూ ఒక మృగం తోడవుతుంది. తోడుని ఎంచుకోడానికి ఆలస్యంగా వెళ్ళిన పాపానికి ఈ పిల్లకి మిగిలినవాడు, ఎవరికీ అక్కర్లేని ఈ కొమ్ములోడు.

కొమ్ములోడు నోరు తెరిచి పరాయి భాషలో ఏదో అన్నాడు. తెర అడుగున మన అక్షరాలు పడ్డాయి. నర్సమ్మ ఎనిమిదేళ్ళ కూతురు పైకి చదివింది.

"రేపు పదింటికి పోటీలు. ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు."

"వెనక్కి తిప్పు," అంది నర్సమ్మ.

మళ్ళీ చూశారు. మళ్ళీ పోటీలే, మళ్ళీ పదింటికే.

"ఇది కాదే! 'నీ భయంలో సగం నాకిచ్చెయ్, మిగతా సగం నువ్వు మొయ్యగలవు' అంటాడు. నాకు బాగా గుర్తు. కావాలంటే మీ మామయ్యనడుగు. నాకు చదివి వినిపించింది తనే."

లిఫ్టులు బాగుచేసే మామయ్య గభాలున లేచాడు. "నీళ్ళు తాగొస్తా," అంటూ వంటగదిలోకి వెళ్ళాడు. అరగంటలో అది మూడోసారి.

ముప్పయ్యేళ్ళ కిందట అమ్మానాన్నలిద్దరూ మిల్లుకు వెళ్ళిపోతే, మధ్యాహ్నాలు ఇంట్లో ఈ అన్నాచెల్లెళ్ళే ఉండేవారు. తనకి ఆరేళ్ళు, అన్నయ్యకి తొమ్మిది. కొమ్ములోడి కార్టూన్ మొదలవగానే అన్నయ్య టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, కింద పడే అక్షరాలన్నీ చదివిపెట్టేవాడు. అన్నయ్యలాగా చదవాలన్న పంతంతోనే ఆ వేసవిలో ఆమె పలకా బలపం పట్టుకుంది. అన్నయ్య రోజూ పక్కనే కూర్చుని, ఆమె పైకి పలికే ప్రతి అక్షరాన్నీ కళ్ళప్పగించి చూసేవాడు. తన తప్పులు పట్టడానికే కాబోలనుకునేది. ఆమెకి చదవడం వచ్చేసరికి ఆ కార్టూన్ రావడం ఆగిపోయింది.

"మామయ్యా, ఇవి రెప్పపాటులో మాయమైపోతున్నాయి. నువ్వెలా చదివేవాడివి?" అని పిల్ల కేక పెట్టింది.

"మీ మామయ్యంటే ఏమనుకున్నావు? గడగడా చదివేవాడు. ఒక్కచోట తడబడితే ఒట్టు," అంది నర్సమ్మ గొప్పగా.

వంటగదిలో గ్లాసు కింద పడిన చప్పుడైంది.

మొదటి భాగం అయిపోయింది. కొమ్ములోడు పోటీలో రెండో స్థానంలో నిలిచాడు. నర్సమ్మ కూతురికి నచ్చనే నచ్చింది. వాడిలాగే బుసలు కొడుతూ సైకిలేసుకుని వీధిలోకి పోయింది.

నర్సమ్మ మాత్రం టీవీ ఆపేసి, నల్లటి తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఏమైందే అమ్మడూ?" అన్నాడు అన్నయ్య వచ్చి కూర్చుంటూ.

"పిల్లల వార్డులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను అన్నయ్యా. సూది చూసి ఏడ్చే ప్రతి పిల్లకీ ఆ మాటే చెప్పాను. 'సగం నాకిచ్చెయ్' అని చెయ్యి చాపితే, నిజంగానే గుప్పెడు భయం తీసి నా చేతిలో పెట్టేవాళ్ళు. పెద్ద డాక్టరుగారు కొమ్ములోడి బొమ్మ వేయించి, దాని కింద ఆ మాట గోడ మీద రాయించారు. రేపు ఓ ఆరేళ్ళ పాపకి గొంతు ఆపరేషను. ముందు ఈ భాగం చూపిస్తానని మాటిచ్చాను. తీరా చూస్తే అందులో ఆ మాటే లేదు. అంతా నేనే కలగన్నానేమో."

అన్నయ్య గ్రీజు మరకలు పోని వేళ్ళను కాసేపు నలుపుకున్నాడు.

"కలేం కాదులే. ఆ మాట నువ్వు విన్నావు. నేనే అన్నాను."

"నువ్వా? అందులో లేని మాట ఎందుకు చదివావు?"

"ఆ రోజు బయట కూడా వానే కదే. ఉరుములకి నువ్వు నా చొక్కా పట్టుకుని వదల్లేదు. అమ్మా వాళ్ళు రావడానికి ఇంకా రెండు గంటలుంది. నాకూ లోపల గుండె దడదడలాడుతోంది. ఏదో ఒకటి అనాలి కదా, కొమ్ములోడి చేత అనిపించాను."

నర్సమ్మకి ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు నిండాయి. పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే గోడ మీద ఉన్నది నీ మాటన్నమాట! చెప్పవేం ఇన్నాళ్ళూ? సరేలే, రేపు ఆ పాపకి ఈ వీడియో చూపించను. పక్కన కూర్చుని మన కొమ్ములోడి కథే చెప్తాను. పోటీలూ గీటీలూ ఎవరిక్కావాలి?"

"అదే మేలు," అన్నాడతను. భుజాల మీది బరువు దించుకున్నవాడిలా వెనక్కి వాలాడు.

ఆమెకి ఉత్సాహం ఆగలేదు. ఇంకాస్త దగ్గరకు జరిగింది.

"నిజం చెప్పు. ఆ ఒక్కటే కల్పించావా? కొమ్ములోడు నక్షత్రాలు లెక్కపెట్టడం, ఆ పిల్లకి ఈత నేర్పడం, వాళ్ళమ్మకి ఉత్తరం రాయడం, అవన్నీ సరిగ్గానే చదివావు కదా?"

అన్నయ్య మెడ రుద్దుకున్నాడు. కిటికీలోంచి మేనకోడలి సైకిలు గంట వినిపిస్తుంటే అటు చూసి, మెల్లగా నవ్వాడు.

"అప్పటికి నాకు చదవడం రాదే!"