రాగి మింగిన మాత్ర

ముసలి కుక్క రాగికి గుండెజబ్బు. రోజూ మాత్ర పడకపోతే దక్కదన్నాడు డాక్టరు. హైమావతి మాత్రను మటన్ ముక్కలో దాచి పెడితే, అది ముక్క తినేసి మాత్రను ఆమె కాళ్ల దగ్గరే ఉమ్మేసేది.

"నేను పిలిచి చూడనా అమ్మా?" అంది గోడ. ఆ రోజుల్లో గోడలో మాట్లాడే యంత్రం లేని ఇల్లు లేదు.

"ఊఁ, చూడు," అంది హైమావతి.

"రాగీ, మింగెయ్, నా బంగారం కదూ," అని గోడ అచ్చం హైమావతి గొంతుతో లాలించింది. రాగి తోకాడిస్తూ మింగేసింది. హైమావతికి ప్రాణం లేచొచ్చింది.

నెల తిరిగేసరికి కుక్క కోలుకుంది. కానీ ఇప్పుడు హైమావతి పిలిస్తే ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ గోడవైపే తిరిగి పడుకునేది.

"ఇక చాలు. మందు నేనే ఇస్తాను. నా గొంతుతో మాట్లాడకు," అంది గోడతో.

"మీరిస్తే మింగదమ్మా," అంది గోడ, ఆమె గొంతుతోనే.

హైమావతి గోడను ఆపేద్దామని స్విచ్చు దగ్గరికి నడిచింది. అంతలో వెనకగదిలోంచి తన గొంతే వినిపించింది. "చిన్నీ, ఇలా రామ్మా."

"వస్తున్నానమ్మా," అంది బాల్కనీలో ఆడుకుంటున్న ఐదేళ్ల కూతురు. చిట్టి అడుగుల చప్పుడు హైమావతి వైపు కాక, వెనకగదివైపు సాగింది.