ఏడో టీ దగ్గర కేక

"బంతి వస్తోందీ... పక్కకి జరగండీ!"

హెడ్మాస్టరు ఎత్తిన కర్ర సగం దూరం దిగింది. సరిగ్గా అప్పుడే, సంచీ మోసే మైకు కేక పెట్టాడు. కర్ర అదిరింది. బంతి వెళ్ళాల్సిన దారి వదిలేసి పొదల్లో పడింది.

గోల్ఫు ఫైనల్ మ్యాచి. చివరికి ఆ ఒక్క దెబ్బ తేడాతోనే ఆయన కప్పు పోగొట్టుకున్నాడు.

నిజానికి ఆయన ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పిన మనిషి కాదు. సిమెంటు గోడౌన్ల యజమాని. గోల్ఫు క్లబ్బులో రూల్సు వల్లించీ వల్లించీ హెడ్మాస్టరని పేరు తెచ్చుకున్నాడు. టీ అంటే తాగేది కాదు, ఒక్కో హోల్‌కీ, అంటే బంతి వెయ్యాల్సిన గుంతకీ, మొదటి దెబ్బ కొట్టే గడ్డి అరుగు. ఆయన దాని మీదుంటే చీమైనా మునివేళ్ళ మీద నడవాల్సిందే. కొట్టేవాడి వెనక నిలబడకూడదు. నీడ బంతి మీద పడకూడదు. ఎవరి బంతికి వాళ్ళు గుర్తు పెట్టుకోవాలి. ఆయనైతే జేబులోని ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో మూడు చుక్కలు పెట్టుకుంటాడు. గీత దాటి ముందుకి జరగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎవడూ నోరు విప్పకూడదు. విప్పబోతే ఆయన వేలు పెదాల మీదికి పోతుంది.

"ష్!"

ఆ వేలు చూస్తే సొంత బావమరిది కూడా దగ్గు మింగేస్తాడు.

మైకు మాత్రం మింగడు. నలభై ఏళ్ళవాడు. ఆటగాళ్ళ సంచీలు మోసే క్యాడీ. ఒకప్పుడు నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఏడాదిగా ఎవరు కర్ర ఎత్తినా అరుపే. ఆ పేరూ అప్పుడొచ్చిందే.

"ముందు ఎవడున్నాడని అరిచావురా?" కప్పు అవతలివాడి చేతిలోకి వెళ్ళీ వెళ్ళకముందే హెడ్మాస్టరు వాడి మీద పడ్డాడు.

"ఏడో టీ దగ్గర మలుపు కదండీ. ఉన్నారేమోనని..."

"ఉన్నారేమోనా! నీ 'ఏమో'కి నా కప్పు పోయింది. పద ఆఫీసుకి! ఇవాళ్టితో ఇక్కడ నీకు నూకలు చెల్లాయి."

"పోనీలెండి బావగారూ..." బావమరిది నసిగాడు.

"నువ్వు నోర్ముయ్! దగ్గడం తప్ప నీకేం తెలుసు?"

సెక్రటరీ గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. తలగుడ్డని ఎడమ కంటి మీదాకా లాక్కున్న పనామె మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు బల్ల అంచు మీద సగమే ఆనింది. మిగతా సగం గాల్లో ఉంది. దబ్బున పడి, నీళ్ళన్నీ హెడ్మాస్టరు ప్యాంటు మీద ఒలికాయి.

"కళ్ళు కనిపించట్లేదా నీకు?" గది దద్దరిల్లింది.

ఆమె వంగి గ్లాసు తీసింది. గుడ్డ తెచ్చి నేల తుడవటం మొదలుపెట్టింది. మైకు పళ్ళు బిగించి గోడకేసి చూశాడు.

"సెక్రటరీగారూ, వీణ్ణి ఈ క్షణమే తీసెయ్యండి. ఇవాళ్టి సంగతి ఒక్కటే కాదు. పోయినేడు బంతి వెతకమని పంపితే అటునుంచి అటే చెక్కేశాడు. పద్దెనిమిది హోల్స్‌లో మిగిలిన పదకొండింటికీ సంచీ నేనే మోసుకున్నాను! మర్నాడొచ్చి ఒక్క ముక్క సంజాయిషీ లేదు."

సెక్రటరీ మెతక మనిషి. "ఏమయ్యా, ఇక్కడ తీసేస్తే నీకింకో చోట పని దొరకదు. ఇకమీదట అరవనని చెప్పు. అంతటితో వదిలేస్తారు."

"అరుస్తానండీ."

"చూశారా పొగరు!"

మైకు గొంతు మొదటిసారి తగ్గింది. "ఒకసారి అరవకుండా ఊరుకున్నానండీ. మలుపులో ఒకామె కూర్చుని కలుపు తీస్తోంది. కొట్టేవారికి చెట్లడ్డం. నేను పక్కనున్నాను కాబట్టి నాకు కనిపించింది. నోరు తెరిచాను. ఊరుకోమన్నారు. ఊరుకున్నాను."

"తర్వాత?" అన్నాడు సెక్రటరీ.

"బంతి మొహానికి తగిలింది. ఎడం కన్ను పోయింది. ఆమె మా అక్కండీ."

నేల తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఆమె తలెత్తలేదు.

హెడ్మాస్టరు ఆ తలగుడ్డకేసి చూశాడు. ప్యాంటు తడి తొడకి చల్లగా తగిలింది. ఆయన కోపిష్టే గానీ అన్యాయస్తుడు కాదు. మైకు మీదున్న కోపమంతా ఒక్కసారిగా అటు తిరిగింది.

"ఎవడా దుర్మార్గుడు?" బల్ల గుద్దాడు. "ముందు మనుషుల్లేరని చూసుకున్నాకే కర్ర ఎత్తాలి. అదీ రూలే! పైగా హెచ్చరించబోయేవాడి నోరు నొక్కుతాడా? మీరేం చేస్తున్నారండీ, గుడ్డిగుర్రాలకి పళ్ళు తోముతున్నారా?"

"ఎవరి బంతో తేలలేదండీ, అందుకే కమిటీదాకా రాలేదు. వీళ్ళేమో పెదవి విప్పలేదు," సెక్రటరీ నీళ్ళు నమిలాడు.

"చెబితే ఇద్దరి పనీ పోతుందని అక్క వద్దందండీ," అన్నాడు మైకు.

"ఎలా పోతుందో నేను చూస్తాను! రూల్సు కమిటీ పెద్దని నేను బతికే ఉన్నానుగా!"

బల్ల మీది కాగితం లాగాడు. జేబులోంచి స్కెచ్ పెన్ను తీశాడు. పళ్ళు నూరుతూ పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: 'కింద పేరున్న సభ్యుడు ఇకపై జన్మలో ఈ క్లబ్బులో ఏ టీ మీదా అడుగు పెట్టరాదు.' ముందే సంతకం గీకేశాడు. పేరుకి చోటు వదిలాడు.

"చెప్పరా, ఎవడు? ఎంత పెద్దవాడైనా సరే. మా బావమరిదైనా సరే వదలను. పేరు చెప్పు!"

"పేరెందుకులెండి," అంటూ మైకు, ఆ రోజు అక్క పక్కన దొరికినప్పటినుంచీ జేబులోనే మోస్తున్న బంతిని తీసి ఆ ఖాళీ మీద పెట్టాడు, దాని మీద వెలిసిపోయిన మూడు ఆకుపచ్చ చుక్కలు పైకి కనిపించేలా.